డూప్లికేటు చప్పుడు

మా అన్నకు చూపు పోయిన తొమ్మిదో నెలలో నేను ఆఫీసు కంప్యూటర్‌లో ఒక పట్టిక తయారు చేశాను. పదకొండు వరసలు, ఒక్కో వరసలో ఒక ఎమ్యులేటర్ పేరు. ఎమ్యులేటర్ అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఇవాళ్టి కంప్యూటర్‌కు ముప్పై ఏళ్ళ కిందటి వీడియో గేమ్ డబ్బా వేషం కట్టించే సాఫ్ట్‌వేర్. వేషం ఎంత బాగా కడుతుందన్నది ఒక్కోదానికి ఒక్కో తీరు. పేరు పక్కన వేగం, చప్పుడు, బొమ్మ, బటన్ నొక్కాక ఎంత ఆలస్యం అని గళ్ళు గీసి పదికి ఇన్ని అని మార్కులు వేశాను. ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగమే అది. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికిపెడితే నాకు జీతమిస్తారు. తప్పు పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా మేనేజరే కాదు, నాతో నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి కూడా అన్నాడు.

ఆ పట్టిక ఎందుకంటే, ఆ తొమ్మిది నెలల్లో మా అన్న నోరు తెరిచి అడిగింది ఒక పాత వీడియో గేమ్ ఒక్కటే.

అన్న డ్రైవింగ్ స్కూల్లో మాస్టరు. చిలకలగూడ నుంచి సీతాఫల్‌మండి దాకా కారు నడిపేవాళ్ళలో సగం మంది అతను పక్కన కూచుంటే చెమటలు కక్కుతూ నేర్చుకున్నవాళ్ళే. పక్క సీట్లో కూచుని, తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు పెట్టుకుని, ముందు ఆటో ఉంది, ఎడమన ఆవు ఉంది, క్లచ్ వదలకు అంటూ ఇరవై రెండేళ్ళు చెప్పాడు. షుగరుందని పదేళ్ళుగా తెలుసు. మాత్ర వేసుకునేవాడు, దాని మీద తియ్యగా ఇరానీ చాయ్ తాగేవాడు. ఒకరోజు ఫోన్ చేసి, "కండ్ల ముంగట నల్లగ దోమలు తిరిగినట్టు అయితుందే" అన్నాడు. నేను మీటింగ్‌లో ఉన్నాను. "ఎండల తిరుగుతవ్ కద, అద్దాలు పెట్టుకో" అని పెట్టేశాను. కంటి వెనక సన్నటి నరాలు చిట్లి లోపల రక్తం కారుతోందని తర్వాత తెలిసింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికీ అయింది. చివరికి వెలుతురుందో లేదో తెలియడం మాత్రం మిగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో మా ఇంట్లో అందరం అప్పుడు నేర్చుకున్నాం.

నేను ఆ మాట అన్నానని అన్న ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఏడుపు రాలేదు. ఇక లాభం లేదని డాక్టరు చెబుతున్నప్పుడు ఆయన బల్ల మీదున్న ప్లాస్టిక్ కంటి బొమ్మకు దుమ్ము పట్టిందే అనుకున్నాను. వదిన నా భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే, పార్కింగ్ చీటీ ఎక్కడ పెట్టానా అని బ్యాగులో వెతుక్కున్నాను. చుట్టాలు వచ్చి, ఎంత గుండెధైర్యం ఈ పిల్లకు అని మెచ్చుకుని పోయారు. ధైర్యం కాదు. చాలాసేపు మడిచి కూచుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు, నాకు అలా ఉండేది. కార్ఖానా ఏరియాలో నా ఫ్లాట్‌లో పొద్దున లేచేదాన్ని, పని చేసేదాన్ని, తినేదాన్ని. ఆదివారం ఆటో ఎక్కి చిలకలగూడ పోయి అన్న ఇంట్లో భోంచేసి వచ్చేదాన్ని. దారిలో ఏం కనిపించిందని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

అన్నతో తంటా ఏమిటంటే, అతను ఎవరినీ చెయ్యి పట్టుకోనివ్వడు. చెయ్యి సంగతి పోనీ, ముందు ఏముందో నోటితో కూడా చెప్పనివ్వడు. "గడపండీ" అని వదిన అంటే చాలు, అక్కడే ఆగి, వెనక్కి తిరిగి, పోయి మంచం మీద కూచునేవాడు. "ఇన్నేండ్లు నేను జెప్పిన. గిప్పుడు నాకు చెప్పుడేంది?" అన్నాడు ఒకసారి. మంచం నుంచి బాత్రూమ్‌కు తొమ్మిది అడుగులు, అక్కడి నుంచి భోజనం బల్లకు ఆరు. అంతే అతని లోకం. చూపు పోయిన ఆరో నెలలో ఎవరికీ చెప్పకుండా ఒక్కడే మెట్లు దిగి, కింద ఓనరు పెట్టుకున్న నీళ్ళ డ్రమ్ముకు కొట్టుకుని పడ్డాడు. ముందు పన్ను విరిగింది. ఆ తర్వాత మెట్ల మొహం చూడలేదు. కర్ర పట్టుకుని నడవడం నేర్పే చోటు ఉందట, తీసుకెళ్తాం అంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వదినవాళ్ళది తెనాలి వైపు. ఆవిడ చిన్నప్పుడే వాళ్ళ నాన్న వ్యాపారానికని ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆవిడ ఓపిక గల మనిషి. ఆ ఓపిక కూడా అడుగంటుతోందని వంటింట్లో గిన్నెలు పెట్టే తీరులో తెలిసిపోయేది. "మీ అన్నయ్య ఇలాగే ఆ గదిలో ఉండిపోతారా అమ్మా?" అని ఒకరోజు నన్ను అడిగింది. నేను కంచం కడిగి బోర్లించాను. బాధ కూడా అనిపించలేదు.

ఒక ఆదివారం నేను పోదామని చెప్పులేసుకుంటుంటే లోపలి గదిలోంచి అన్న గొంతు వినబడింది.

"చెల్లే, మన అప్పటి వీడియో గేమ్ లేదా, పొట్టోని ఆట... గిప్పుడు దొరుకుతదా?"

వదినా నేనూ మొహాలు చూసుకున్నాం.

"ఎందుకన్నా?"

"ఊకెనే. ఆడత."

చూపు లేని మనిషి వీడియో గేమ్ ఆడటమేమిటని మీరు అనుకుంటారు. వదినా అదే అనుకుంది. నేను అనుకోలేదు. ఎందుకంటే ఒక ఎండాకాలమంతా అతను ఆ ఆటను చూడకుండా ఆడాడు, నేను పక్కనే కూచున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అన్నకు పద్నాలుగు. సీతాఫల్‌మండిలో రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న ఎక్కడి నుంచో ఒక వీడియో గేమ్ తెచ్చాడు. నల్లటి ప్లాస్టిక్ డబ్బా, రెండు రిమోట్లు, ఒక పచ్చ క్యాసెట్. క్యాసెట్ మీద వందల ఆటలని రాసి ఉంది. పెట్టి చూస్తే ఉన్నవి ఏడు, మిగతావన్నీ ఆ ఏడే పేర్లు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అందులో మాకు నచ్చింది ఒక్కటే. ఒక పొట్టివాడు కుడివైపుకు నడుస్తూ ఉంటాడు, గోతులు దూకుతాడు, కప్పలు ఎదురైతే తప్పించుకుంటాడు. దాని అసలు పేరేమిటో మాకు తెలియదు, పొట్టోని ఆట అనేవాళ్ళం.

సెలవులిచ్చిన వారానికే టీవీ చెడిపోయింది. బొమ్మ అంతా నలిగి, తెర మధ్యలో అడ్డంగా ఒక్క తెల్ల గీత మిగిలింది. చప్పుడు మాత్రం దివ్యంగా వచ్చేది. మెకానిక్ వచ్చి, వెనక మూత విప్పి, లోపలిది ఏదో ఊడబీక్కుని, "రేపు తెస్తా" అని పోయి, పెళ్ళిళ్ళ సీజనని ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన రేపు జూన్‌లో వచ్చింది. ఆ లోపల మా అన్న ఆ గీత ముందు కూచుని పొట్టోని ఆట ఆడాడు. మొదట్లో ప్రతి గోతిలోనూ పడ్డాడు. పడితే ఒక ఏడుపు పాట వస్తుంది. అది వినబడగానే అమ్మ వంటింట్లోంచి, "సచ్చిండా మల్ల?" అని అడిగేది. మెల్లగా లెక్క చిక్కింది. పొట్టివాడు నడిస్తే టికటిక అంటుంది. వెనక పాట మూడోసారి తిరగబోయే ముందు మొదటి గొయ్యి. కప్ప గంతేస్తే బొంగురుగా ఒక ముక్కు చప్పుడు. ఒక గంతుకూ ఇంకో గంతుకూ మధ్య ఎగరాలి. జూన్ వచ్చేసరికి మూడో మెట్టులో, అంటే మూడో లెవెల్లో, వంతెన దాటేదాకా ఒక్క ప్రాణం పోకుండా వెళ్ళేవాడు. వీధిలో పిల్లలంతా కిటికీ పట్టుకుని వేళ్ళాడుతూ వినేవాళ్ళు. టీవీ బాగయ్యాక అందరిలాగే చూసి ఆడాం, ఆట మొత్తం ముగించాం కూడా. కానీ అతనికి చెవితో వచ్చింది ఆ వంతెన దాటేదాకానే.

ఆ డబ్బా ఎప్పుడో పాత సామాన్లవాడికి పోయింది. అలాంటివి ఇప్పటికీ ఫుట్‌పాత్ మీద అమ్ముతున్నారు. ఒకటి తెచ్చి చూశాను. అందులో మా ఆట లేదు, నాలుగు రోజులకు అదీ మూగబోయింది. ఇక కంప్యూటర్‌లో ఆడించాల్సిందే. పేరు తెలియని ఆటను, పాత ఆటల బొమ్మలన్నీ వరసగా పెట్టిన ఒక సైట్‌లో రెండు మధ్యాహ్నాలు అన్నం తింటూ వెతికి పట్టుకున్నాను. ఆ తర్వాత పట్టిక వేశాను.

పదకొండింటిలో కొన్ని ఫోన్‌లో కూడా నడుస్తాయి, చప్పుడు మాత్రం గరగరలాడుతుంది. కొన్ని అన్ని రకాల పాత డబ్బాల వేషాలూ వేస్తాయి, వాటి సెట్టింగులు కొండవీటి చాంతాడంత ఉంటాయి. ఒకటి బొమ్మను ఎంత సొగసుగా చూపిస్తుందో చెప్పలేను, అన్నకు అదేం పనికొస్తుంది? ఆ గడిలో మార్కులు వేయడం మానేశాను. అన్నిట్లోకీ ఒకటి వేరుగా కనబడింది. దాన్ని రాసినవాళ్ళు జపాన్‌లో తయారైన అసలు డబ్బాను విప్పి, దాని లోపలి చిప్పు ఒక్కో క్షణం ఏం చేస్తుందో కొలిచి, అచ్చం అలాగే చేయించారు. పెట్టిన పరీక్షలన్నీ పాసయింది. తప్పులు వెతుక్కుని బతికే నాకు అందులో ఒక్క తప్పు దొరకలేదు. చివరి గడిలో 'అసలుకు అచ్చం' అని రాసి ఆకుపచ్చ రంగు వేశాను. అప్పుడు కూడా సంతోషం కలగలేదు, ఒక పని అయిందనిపించింది.

ఆదివారం లాప్‌టాప్, వైరున్న రిమోట్, వైరున్న స్పీకరు తీసుకుని పోయాను. వైరు లేని స్పీకర్లో చప్పుడు కొంచెం ఆలస్యంగా వస్తుందని ముందే చూసి పక్కన పెట్టాను. నేను అంత జాగ్రత్త గలదాన్ని. అన్న పిలవకుండానే హాల్లోకి వచ్చి కూచున్నాడు. గడ్డం గీసుకుని ఉన్నాడు. వదిన అది నాకు కళ్ళతో చూపించింది. రిమోట్ చేతికివ్వగానే అతని బొటనవేళ్ళు ఎవరూ చెప్పకుండానే వాటి చోటికి పోయాయి.

"అన్నా, ఇది మామూలుది కాదు. అసలు మిషిన్‌కు వెంట్రుకంత తేడా సుత లేదు" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

పాట మొదలైంది. అన్న తల ఒక పక్కకు వంచాడు. మొదటి గొయ్యి దగ్గర ఎగిరాడు. ఆలస్యమైంది, పడ్డాడు. ఏడుపు పాట వచ్చింది. రెండోసారి మరీ ముందే ఎగిరాడు. మూడోసారి ఎలాగో గొయ్యి దాటి నేరుగా కప్ప మీదికి నడిచాడు. కప్ప గంతు వినబడలేదా అని అడిగితే, "యాడ?" అన్నాడు. మళ్ళీ ఆడాడు, మళ్ళీ పడ్డాడు. అరగంటయినా రెండో గొయ్యి దాకా పోలేదు.

"జెర ఉరుకుతున్నట్టుందే" అన్నాడు.

"లేదన్నా. కరెక్ట్ స్పీడే. చెక్ చేసిన."

"చప్పుడు సుత గిట్ల లేకుండె."

"అదే చప్పుడు. ముప్పై ఏండ్లయింది కద, నీకు యాదికి లేదు."

అన్న రిమోట్‌ను తడుముకుంటూ టీపాయ్ మీద మెల్లగా పెట్టాడు.

"అంతే గావచ్చు" అన్నాడు. "కండ్లే వొయినయ్ అనుకున్న. చెవులు సుత వొయినయ్. ఇగ బుర్ర ఒక్కటే ఉన్నది, గదెప్పుడు పోతదో."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. లేచి గోడ పట్టుకుని లోపలికి పోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని వదిన గొణిగింది. ఆ పోటు వేసింది నేనే. అయినా నాకు ఏమీ అనిపించలేదు. వైర్లు చుట్టి సంచీలో పెట్టుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, ఆటోలో కూచుని నేను ఆలోచించింది సోమవారం మీటింగు గురించి.

ఆ వారం వదిన ఫోన్ చేసింది. అన్న రేడియో ఆపేశాడట. ఏం విన్నా తాను తప్పుగా వింటున్నానేమో అంటున్నాడట. "చెవుల డాక్టరుకి చూపిద్దామా అమ్మా?" అని అడిగింది. చెవులకేం కాలేదు. కింద గేటు చప్పుడును బట్టి పైకి వచ్చేది ఎవరో చెప్పే మనిషి. చెడింది వాటి మీద అతని నమ్మకం. ఆ నమ్మకంతోనే మంచానికీ బాత్రూమ్‌కూ మధ్య తొమ్మిది అడుగులు వేస్తున్నాడు. అదీ పోతే ఇక ఆ తొమ్మిదీ ఉండవు. ఇదంతా నాకు లెక్కలాగా తెలిసింది.

తర్వాతి ఆదివారం పోయేసరికి అన్న పడుకుని ఉన్నాడు. వదిన హాల్లో కింద కూచుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను లాప్‌టాప్ తెరిచి, ఆట పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో చూద్దామని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. వదిన కాసేపు విని, "మా ఇంట్లో ఉన్నదానిలా లేదమ్మా ఇది" అంది. వాళ్ళ తమ్ముడికి కూడా అలాంటి డబ్బా ఉండేదట.

"మీది అసలుది అయ్యుండదు వదినా. ఇది అసలుది."

వదిన తల ఎత్తకుండానే అంది. "మరి మీ ఇంట్లో ఉన్నది అసలుదా ఏంటి? ఆ రోజుల్లో అసలుది ఎవరింట్లో ఉందమ్మా? అందరిదీ డూప్లికేటే."

ఇరవై ఏళ్ళుగా తప్పులు పట్టి జీతం తీసుకున్నదాన్ని, నాకు ఈ ముక్క తట్టలేదు. మా డబ్బా దొంగ డబ్బా. క్యాసెట్ దొంగ క్యాసెట్. ఆ మాటకొస్తే మా ఇంట్లో ఏ వస్తువు అసలుది గనుక? నాన్న వాచీ, నా బూట్లు, అన్న జీన్స్ మీది లేబులు, పాటల క్యాసెట్లు, అన్నీ డూప్లికేటువే. వాటినే అసలువి అనుకుని పెరిగాం, వాటితోనే సంతోషంగా ఉన్నాం. అలాంటిది నేను ఎవరో జపాన్‌వాళ్ళ ఇంట్లో వినబడిన ఆటను మోసుకొచ్చి, ఇదే నిజం, నీ చెవే తప్పు అని మా అన్నతో చెప్పాను.

చదివితే అంతా ఉంది, నేను వెతకలేదు. వాళ్ళ టీవీలు సెకనుకు అరవైసార్లు బొమ్మ మారిస్తే మన టీవీలు యాభైసార్లు మార్చేవి. దొంగ డబ్బాలు చేసినవాళ్ళు మన టీవీకి తగ్గట్టు ఆటను ఆరింట ఒక వంతు నెమ్మది చేశారు. పాటా నెమ్మదే, నడకా నెమ్మదే. ఇంకో తమాషా ఏమిటంటే, కొన్ని దొంగ చిప్పుల్లో రెండు చప్పుళ్ళు తారుమారయ్యాయి. సన్నగా రావాల్సింది బొంగురుగా, బొంగురుగా రావాల్సింది సన్నగా. అసలు ఆటలో కప్ప గంతు సన్నటి కూత. అన్న వెతికింది ముక్కు చప్పుడు కోసం. అతని చెవి సరిగ్గానే వెతికింది, అది అక్కడ లేదు. ఈ తప్పులన్నిటినీ కావాలని చేసే సెట్టింగు కొన్ని ఎమ్యులేటర్లలో ఉంది. దూరదేశాల్లో మాలాగే డూప్లికేటు డబ్బాలతో పెరిగినవాళ్ళు పట్టుబట్టి పెట్టించుకున్నారట. నేను ఆకుపచ్చ రంగు వేసినదానిలో మాత్రం లేదు.

పట్టికలో పాత గళ్ళన్నీ తీసేసి ఒక్కటే ఉంచాను. పైన 'మా ఇంట్లో ఎట్లుండె' అని రాశాను. అప్పుడు నాలుగు మిగిలాయి. నాలుగూ తప్పులు చేస్తాయి, కానీ దేని తప్పు దానిది. ఒకటి మరీ నెమ్మది, ఒకదాని పాట కాస్త బొంగురు, అలా. వాటిలో మా తప్పు ఏదో తేల్చాలి. పోల్చి చూద్దామంటే మా డబ్బా లేదు. నాకా చప్పుడు అంత బాగా గుర్తు లేదు. ఉన్నది అన్న చెవి ఒక్కటే, దాన్ని అన్నే నమ్మడం లేదు.

అడిగితే రాడని తెలుసు కాబట్టి అడగలేదు. ఆ వారమంతా లాప్‌టాప్ పట్టుకుని పోయి అన్న ఇంటి హాల్లో కూచుని ఆఫీసు పని చేసుకున్నాను. రోజుకొక ఎమ్యులేటర్. ఆ ఆటను ఆడకుండా వదిలేస్తే దానంతట అదే పాట పాడుకుంటుంది, పొట్టివాడు కాసేపు సొంతంగా నడిచి, దూకి చూపిస్తాడు. దాన్ని చిన్నగా పెట్టి వదిలేశాను. హాలుకూ అతని గదికీ మధ్య ఒక పరదా ఉంది. సోమవారం పరదా అవతల ఏ అలికిడీ లేదు. మంగళవారం, "గా లొల్లి బంద్ చెయ్యే, తలకాయ నొస్తుంది" అన్నాడు. బంద్ చేశాను. వదిన కాఫీ తెచ్చినప్పుడల్లా ఏమన్నా అన్నారా అని కళ్ళతో అడిగేది, లేదని నేను తల ఊపేదాన్ని.

బుధవారం మూడోది పెట్టాను. పావుగంట గడిచింది. నేను ఒక మెయిలుకు జవాబు రాస్తున్నాను. టికటికమని చప్పుడు రెండుగా వినబడింది. స్పీకర్లో ఏదో దోషం అనుకుని ఆపాను. ఆపినా ఒకటి ఇంకా వినబడుతోంది. అది పరదా అవతల నుంచి వస్తోంది. అన్న మంచం చెక్క మీద గోటితో కొడుతున్నాడు. గబగబా మళ్ళీ పెట్టాను. పొట్టివాడి అడుగుతో గోరు కలిసింది. పాట మూడోసారి తిరగబోయే ముందు గోరు ఆగింది, ఎగిరినంతసేపు ఆగింది, మళ్ళీ మొదలైంది.

"సౌండ్ జెర పెంచు" అన్నాడు.

పెంచాను. మంచం కిర్రుమంది. పరదా జరిపి గుమ్మంలో నిలబడ్డాడు.

"గిది యాడికెళ్ళి తెచ్చినవ్?"

"ఇది డూప్లికేట్ అన్నా. మొన్న తెచ్చింది అసలుది. మనకాడ ఉన్నది డూప్లికేటే కద. నీ చెవి కరెక్టే. నాదే తప్పు." అక్కడితో ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను. "కండ్ల ముంగట దోమలు అన్నప్పుడు సుత నాదే తప్పు."

అతను గుమ్మం చెక్క మీద వేలితో రుద్దుతూ నిలబడ్డాడు.

"గది వేరే ముచ్చట" అన్నాడు చివరికి. "షుగర్ నాది, చాయ్ తాగింది నేను. రిమోట్ ఇయ్యి."

ఆ రోజు నాలుగుసార్లు పడి ఐదోసారి మొదటి మెట్టు దాటాడు. గురువారం రెండోది దాటాడు. వదిన స్టవ్ మీద కూర మాడబెట్టింది, ఎవరూ ఏమీ అనలేదు. నేను ఆఫీసుకు ఒంట్లో బాగాలేదని రాశాను. పట్టికలో నాలుగో ఎమ్యులేటర్ గడి ఖాళీగానే ఉండిపోయింది, ఇప్పటికీ ఖాళీయే. చూస్తున్నాను గానీ నాలో ఇంకా ఏమీ కదల్లేదు. బాగా ఆడుతున్నాడు అనుకున్నాను, అంతే.

శనివారం సాయంత్రం మూడో మెట్టులో వంతెన వచ్చింది. పలకలు ఒక్కొక్కటే కూలుతుంటాయి, ఆ కూలే చప్పుడు పట్టుకుని అన్న పలక పలకా దూకాడు. అవతలి ఒడ్డున దిగాడు. దిగి ఆగాడు.

పొట్టివాడు తెర మధ్యలో నిలబడి ఉన్నాడు. వెనక పాట తిరుగుతోంది. అన్న బొటనవేళ్ళు బటన్ల మీద కదలకుండా ఉన్నాయి. ఇక్కడి నుంచి అతనికి తెలియదని నాకు తెలుసు. ఇక్కడితో ఆపి రిమోట్ పెట్టేస్తాడనుకున్నాను.

"ముంగట ఏమున్నది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతను ఎవరినైనా ఆ మాట అడిగి ఎన్ని నెలలయిందో. వంటింటి గుమ్మంలో వదిన చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది.

"చెల్లే, నిన్నే. ముంగట ఏమున్నదే?"

"గొయ్యి ఉన్నదన్నా, చూసుకో" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను.

అన్న నవ్వాడు. విరిగిన పన్ను కనబడింది. "చూసుకో అంటే ఎట్లనే? కొత్త డ్రైవర్‌కు గట్ల చెప్తె సక్కగ వోయి గోడకు గుద్దుతడు. ఎంత దూరమున్నది, ఎంత వెడల్పున్నది, ఎప్పుడు నొక్కాలె, గది చెప్పు."

నేను తెర దగ్గరికి జరిగాను. "నాలుగు అడుగులు. గొయ్యి రెండడుగులు. అవతల కప్ప ఉన్నది. నేను 'ఆఁ' అన్నప్పుడు నొక్కు."

నడిచాడు. ఒకటి, రెండు, మూడు. నేను 'ఆఁ' అన్నాను. అతను నొక్కేసరికి పొట్టివాడు గోతిలో ఉన్నాడు. ఏడుపు పాట వచ్చింది.

అప్పుడు నాకు భయం వేసింది. ఛాతీలో నిజంగా నొప్పి పుట్టి, కళ్ళలోంచి కారింది. తొమ్మిది నెలల్లో రానిది అంతా అప్పుడే వచ్చింది. అన్న రిమోట్ పెట్టేస్తాడని, లేచి గోడ పట్టుకుని లోపలికి పోతాడని, ఇక ఎప్పుడూ ఎవరినీ అడగడని అనుకున్నాను. నేను ఏడుస్తున్నానని అతనికి వినబడే ఉంటుంది, ఆ చెవులకు వినబడకుండా ఎలా ఉంటుంది.

"లేట్ చేసినవ్" అన్నాడు. "నువ్వు చెప్పాలె, నేను వినాలె, నా వేలు కదలాలె. ఒక్క అడుగు ముందుగాల చెప్పాలె ఎప్పుడైనా. మెట్ల కాడ సుత గంతే. సమజైందా?"

"ఆఁ" అన్నాను.

"ముక్కు తుడుసుకో. మల్ల చెప్పు."